తాడు కరిచిన పళ్లు

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ మూల కూర్చున్నావేమే, అక్కడికి వినపడదు, నా గొంతు ఇదివరకటిది కాదు. నువ్వు ఆ ఫోను బోర్లా పెట్టు. ఇవాళ చెప్పబోయేది పగ కథ. కత్తులూ నెత్తురూ ఉంటాయని ఆశపడకండి, ఉండవు. ఉన్నవల్లా పళ్లు. ఆ కిచకిచలు ఆపితే చెప్తాను. ఎవర్నీ కరవకుండా పళ్లతో పగ తీర్చుకున్న ఆడది ఉంది, ఆవిడ చేసిచ్చిన పళ్లతోనే మీ అమ్మమ్మ ఇప్పుడు మాట్లాడుతోంది.

పళ్ల డాక్టరమ్మ క్లినిక్కు గడియారాలు బాగుచేసే కొట్టు పైన. ఇరుకు మెట్లు, ఎక్కేసరికి పంటి నొప్పి మర్చిపోయి మోకాలి నొప్పి గుర్తొస్తుంది. లోపల వాలు కుర్చీ, దాని ఎదురుగా కిటికీ, కిటికీలోంచి చూస్తే కొండ. కుర్చీ వెనక గోడంతా అరలు. ఆ అరల్లో ఊరి వాళ్లందరి నోళ్లూ ప్లాస్టరు అచ్చుల్లో ఇకిలిస్తూ ఉంటాయి. అన్నిటికీ చీటీలుంటాయి, చివర్న ఉన్న ఒక్కదానికి తప్ప. అది పసుపెక్కిపోయిన పాత అచ్చు. దాని పై వరసలో ముందు పళ్లు రెంటి మధ్యా చిన్న గాడి. ఎలుక కొరికిందేమో అనుకుంటారు చూసినవాళ్లు.

అది ఆవిడ నాన్నగారి నోరు. ఈవిడ చదువుకునే రోజుల్లో మొట్టమొదట తీసిన అచ్చు. "నోరు మూయకు నాన్నా, కదలకు నాన్నా" అని ఈవిడ అంటుంటే ఆయన అచ్చు తీసే ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాపుకోలేక కళ్లమ్మట నీళ్లు కార్చుకున్నాడట.

ఆయన్ని తాడు మాస్టారనేవారు. సర్వే సంస్థలో పని. దేశం పటంలో ఎవరూ వెళ్లక తెల్లగా వదిలేసిన చోట్లుంటాయి చూశారూ, అవి ఆయన వంతు. జలగలు పీకేసుకుంటూ, నానిన రొట్టె తింటూ నెలల తరబడి తిరిగేవాడు. ఎన్ని చోట్ల తిరిగినా, వానలు వెనకబడగానే మన కొండ ఎదురుగా ఉన్న ఏటవాలు బండ దగ్గరికి మాత్రం ఏటా వచ్చి తీరేవాడు. చేతిలో అద్దం బిగించిన చెక్క చట్రం, చిన్న కిటికీ అంత. చట్రానికి ఒక తాడు, తాడు చివర ముడి. ఆ ముడిని పళ్ల వెనక్కి పెట్టి తాడు కరిచి పట్టుకునేవాడు. చట్రాన్ని తాడు బిగిసేదాకా ముందుకు చాచి, ఒక కన్ను మూసి, అద్దంలోంచి కొండని చూస్తూ, అద్దం మీద పరిచిన నూనె కాగితం మీద కనిపించింది కనిపించినట్టు గీసేవాడు. శిఖరం ఎక్కడ, చెట్లు ఎక్కడిదాకా దిగాయి, ఏ చెట్లు, ఏ వాగులో నీళ్లు పారుతున్నాయి, ఏది ఎండింది, అన్నీ.

"పళ్లతో ఎందుకు నాన్నా, చేత్తో పట్టుకోవచ్చుగా?" అని అడిగిందట చిన్నప్పుడు.

"చెయ్యి ఇవాళ ఇంత చాస్తుంది, రేపు అలిసిపోతే కాస్త ముడుచుకుంటుంది తల్లీ. తాడు ముడుచుకోదు. బండ మారదు, తాడు మారదు. కాబట్టి బొమ్మ మారకూడదు. మారిందంటే మారింది కొండేనన్నమాట."

ఆ తాడు ఏళ్ల తరబడి కరిచీ కరిచీ పళ్లకి ఆ గాడి పడింది.

ఇక రెండోవాడు. సంస్థలోకి పెద్ద చదువు చదివొచ్చిన కుర్ర ఆఫీసరు. ప్రతి కాగితం మీదా ఎర్రగీత పెట్టనిదే నిద్రపట్టదు కాబట్టి ఎర్ర పెన్సిలు అని పేరు. మాస్టారి బొమ్మలు నిజమో కాదో చూసి రమ్మని ఈయన్ని పంపారు. పంపితే ఈయన బండ దాకా పోలేదు. పైనున్న గెస్ట్‌హౌస్ వసారాలో కుర్చీ వేయించుకుని, కాఫీ తాగుతూ, బొమ్మని చేత్తో ఎత్తి పట్టుకుని చూశాడు. అక్కడికీ బండకీ ఎంత ఎత్తు తేడా! పైగా తాడూ లేదు. శిఖరాలు శిఖరాల మీద ఎలా పడతాయి? పడలేదు. శిఖరాలే తప్పయితే చెట్లు మాత్రం నిజమెలా అవుతాయన్నాడు. అడవీ లేదు గిడవీ లేదు, ఇది మొదట్నుంచీ బోడికొండే, కింద కనిపించేవి ఈమధ్య మొలిచిన తుప్పలు, అని రిపోర్టు రాసి పారేశాడు.

అక్కడితో ఊరుకుంటే ఇంత కథ లేదు. సంస్థ హాల్లో అందర్నీ కూర్చోబెట్టి, మాస్టారి బొమ్మ గోడకంటించి, దాని మీద అడ్డంగా ఎర్రగీత లాగాడు. ఆ రోజు ఇంట్లో అమ్మకి జ్వరమని మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకెళ్లాడు. పిల్ల వెనక వరసలో నాన్న గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మనుషుల కాళ్ల సందుల్లోంచి దానికి కనిపించిందల్లా ఎర్ర పెన్సిలు బూట్లు. కొత్తవి. మొహం చూసుకోవచ్చు వాటిలో.

"అయ్యా, ఒక్కసారి బండ దగ్గరికి రండి," అన్నాడు మాస్టారు లేచి నిలబడి. "ఈ తాడు పళ్ల మధ్య పెట్టుకుని చూడండి. అప్పుడు కూడా కుదరకపోతే నేనే చింపేస్తాను."

"పళ్ల మధ్యా? గుర్రానికి కళ్లెం పెట్టినట్టా?" అన్నాడు ఎర్ర పెన్సిలు. "మరి గడ్డి కూడా తమరే తెస్తారా?"

హాలు హాలంతా విరగబడి నవ్వింది. మాస్టారితో కలిసి కొండలెక్కినవాళ్లు కూడా నవ్వారు. ఆయన తాడుని చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మెల్లిగా, ముడి పైకి వచ్చేలా, రోజూ చుట్టుకునేట్టే. ఆ చుట్టడం చూసిన పిల్ల గుండెల్లో ఏం పడాలో అది పడింది.

ఉద్యోగం పోయింది. తాడు మాస్టారు కోతల మాస్టారయ్యాడు. పిల్ల వీధిలోకొస్తే "కళ్లెం, కళ్లెం" అని పిల్లలు గుర్రం సకిలించినట్టు సకిలించేవాళ్లు. తల్లి ఉడుక్కుని ఆ నూనె కాగితాలు తీసి గిన్నెల అరల్లో పరిచేది. "వీటివల్ల ఇంతకన్నా ఉపయోగమేముంది?" అనేది. ఆయన గిన్నెలు తీసి, కాగితాలు లాగి, మరకలు తుడిచి పెట్టెలో పెట్టేవాడు. కొన్ని అప్పటికే చిరిగిపోయేవి, ఆ ఏళ్ల బొమ్మలు పోయినట్టే. ఉద్యోగం లేకపోయినా వానలు వెనకబడితే బండ దగ్గరికి వెళ్లడం మాత్రం మానలేదు, మోకాళ్లు మొరాయించేదాకా.

పోయేముందు ఆయన ఏ పగా అప్పజెప్పలేదు. "తాడు పారెయ్యకు" అన్నాడంతే. పగ కూతురు సొంతంగా పెంచుకున్నదే. ఆ తాడు ఆ నోట్లో పెట్టించాలి, పదిమందిలో పెట్టించాలి, పెట్టించి మా నాన్న అబద్ధాలకోరు కాదని ఆ నోటితోనే చెప్పించాలి. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, జుట్టు నెరిసినా ఆ కోరిక మాత్రం నెరవలేదు.

కొండకేమో ఆ రిపోర్టు మంచి చుట్టమైంది. బోడికొండే కదా అని కాగితం చూపించి, రాయి తవ్వే కంపెనీవాళ్లు ఉన్న చెట్లు కూడా గొరిగేశారు. ఏటా కాస్త కాస్త. కళ్లెదురుగా జరిగేదాన్ని మనం చూడం, ఇంట్లో పిల్లలు ఎదగడం చూడనట్టే. కిందటి వానలకి కొండ పక్క జారి బురద, కొండని ఆనుకున్న మన పైవీధి మీదకి వచ్చింది. తాళాలు బాగుచేసే ఆయన కొట్టు కొట్టంతా కూరుకుపోయింది. ఆ ఊబిలోంచి ఆయన భార్యని బతికించి లాగారు గానీ కాలు దక్కలేదు.

విచారణ వేశారు. విచారణకొచ్చిన మేడమ్ నెమ్మదైన మనిషి, కళ్లద్దాల మీదుగా చూస్తుంది. కంపెనీ వకీలు ఎర్ర పెన్సిలు రిపోర్టు బల్ల మీద పెట్టి "చెట్లు కొట్టడంవల్ల కొండ జారిందంటే ఎలాగండీ, చెట్లు ఉంటే కదా!" అన్నాడు. డాక్టరమ్మ పెట్టె మోసుకెళ్లి నాన్న బొమ్మలు పరిచింది. మేడమ్ ఒక్కొక్కటే చూసింది, గిన్నెల మరకలతో సహా.

"చాలా బాగున్నాయమ్మా. కానీ ఇవి ఊహాచిత్రాలని సంస్థ ఎప్పుడో తేల్చేసింది. ఆ మాట నిలబడితే వీటిని నేను ఏం చేసుకోను? తేల్చినాయన బతికే ఉన్నాడు, పిలిపించాను. ఆయనతో పాటు అందరం కొండ దగ్గరికే వెళ్లి చూద్దాం."

తేలిపోతుందన్నమాట. ఆయన అవునంటే నాన్న నిలబడతాడు, కాదంటే ఈసారి ప్రభుత్వం ముద్రతోనే కోతల మాస్టారవుతాడు.

అప్పుడు, చూడండి దేవుడి చమత్కారం, విచారణకి ముందు వారం క్లినిక్కు మెట్ల మీద చేతికర్ర చప్పుడు. మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని ఒక ముసలాయన. వాష్‌బేసిన్‌లో జారి పడి పళ్ల సెట్టు రెండు ముక్కలైందట. ఆవిడ ముందు మొహం చూడలేదు, బూట్లు చూసింది. తళతళా మెరుస్తున్నాయి.

"అర్జెంటమ్మా," అన్నాడు బోసి నోటితో. "విచారణలో మాట్లాడాలి. ఎవరో పాత కాగితాలు పట్టుకొచ్చారట, వాటి సంగతి తేల్చాలి."

"కూర్చోండి," అంది డాక్టరమ్మ. ముద్ద కలపడం మొదలెట్టింది. ఇదంతా తర్వాత నర్సు చెప్పింది నాకు.

ముసలాయన కబుర్ల పుట్ట. ముద్ద కలిసేలోపు ఊరుకోలేడుగా. "ఆ కాగితాల కథ చెప్తే నవ్వుతావు. పూర్వం మా సంస్థలో ఒక పిచ్చాయన ఉండేవాడు. తాడు నోట్లో పెట్టుకుని బొమ్మలు గీసేవాడు! మరి గడ్డి కూడా తమరే తెస్తారా అన్నాను నేను. అబ్బో, ఆ నవ్వులు! ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను."

"నోరు తెరవండి," అంది. ముద్ద నోటినిండా పెట్టి అదిమి పట్టుకుంది. "ఇది గట్టిపడేదాకా మాట్లాడకూడదు, కదలకూడదు. ఆ తాడాయనకి పిల్లలున్నారా?"

తెలీదన్నట్టు కళ్లు తిప్పాడు.

"ఆ నవ్వులు వాళ్లూ విన్నారేమో, ఎప్పుడైనా అనుకున్నారా?"

మళ్లీ కళ్లు తిప్పాడు. చొల్లు గడ్డం మీదకి కారింది. ఆవిడ తుడవలేదు. ముద్ద ఎప్పుడో గట్టిపడింది, అయినా ఇంకాసేపు అలాగే పట్టుకుంది. కిటికీలోంచి కొండ చూస్తూ నిలబడింది.

పళ్లు చేసింది. నేను ఆవిడ చేతి పని ఎరుగుదును, వంక పెట్టడానికుండదు. ఆయనవీ అలాగే చేసింది, చిగుళ్ల రంగుతో సహా కుదిరింది. చివర్న అరలోంచి ఆ పసుపెక్కిన అచ్చు దింపి, పక్కన పెట్టుకుని, సన్న ఆకురాయితో ముందు పళ్లు రెంటి మధ్యా గాడి తీసింది. అంతే లోతు, అంతే వాలు.

ఆయన వచ్చి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. "ఇదేంటమ్మా, ఈ గీత?"

"వయసైనవాళ్ల పళ్లు మరీ కొత్తగా ఉంటే పెట్టుడువని తెలిసిపోతాయండీ. చిన్న అరుగుదల ఉంటే అసలువనుకుంటారు."

ఆయనకి నచ్చింది. వెళ్తూ వెళ్తూ నర్సుని చూసి నవ్వి మరీ వెళ్లాడు.

కొండ ఎదురుగా ఉన్న ఆ బండ దగ్గరికి ఊరు ఊరంతా కదిలింది. పైవీధి వాళ్లం సరేసరి, తాళాలాయన భార్యని కుర్చీలో మోసుకొచ్చారు. ఎర్ర పెన్సిలు ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. వకీలు రిపోర్టు చదివాడు. మేడమ్ విని, "ఆ బొమ్మలు గీసినాయన తాడు పెట్టుకుని ఈ బండ మీంచి చూడమన్నారట కదా. అప్పుడు చూశారా?" అంది.

"చూడాల్సిన అవసరం లేకపోయింది," అన్నాడు.

"ఇప్పుడు చూడండి."

"నాకేం భయం!" అని తాడు కోసం చెయ్యి చాచాడు. చూడండి, ఆయన కాదంటే ఎవరూ బలవంతం చేసేవాళ్లు కాదు. ఆ చెయ్యి చాచింది గర్వమే.

జనంలోంచి డాక్టరమ్మ చట్రం పట్టుకుని వచ్చింది. ఆయన ఆనవాలు పట్టి, "నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాడు.

"తాడు నా దగ్గరుందండీ. మా నాన్నది."

ఆయన మొహం చూడాల్సింది మీరు! నాలుక దానంతటదే ముందు పళ్ల వెనక్కి, ఆ గాడి దగ్గరికి వెళ్లింది. వెనక్కి తగ్గుదామంటే చుట్టూ జనం. బండ మీద చతికిలబడ్డాడు. ఆవిడ చట్రం చేతికిచ్చి, ముడి నోట్లో పెట్టింది. తాడు గాడిలో పడి కూర్చుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నట్టు.

"చాచండి. ఇంకా. తాడు బిగిసేదాకా. ఎడమ కన్ను మూయండి."

చట్రంలో మొదటి బొమ్మ పెట్టింది. గీసిన శిఖరం అసలు శిఖరం మీద పడింది. పక్క శిఖరమూ పడింది. వాగు మలుపు వాగు మలుపు మీద, నెర్రె నెర్రె మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆ గీతల కింద, ఇప్పుడు ఎర్రటి బురద తప్ప ఏమీ లేని చోట, గీసిన అడవి పైవీధి కప్పుల దాకా దిగి నిలబడింది. ఆయన తాడు తీయబోయాడు.

"వదలకండి. ఇంకా ఉన్నాయి," అందావిడ.

ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోయింది. ప్రతి బొమ్మలోనూ అడవి కాస్త పైకి జరుగుతోంది, తరుముతుంటే పారిపోతున్నట్టు. ఒక వాగు సన్నబడింది, ఇంకో బొమ్మలో లేనే లేదు. కొన్ని చోట్ల గిన్నె అడుగు మరక కొండ మీద సూర్యుడిలా వచ్చింది. ఏటేటా కొండ ఎలా చచ్చిందో ఆయన తాడు కరిచి చూశాడు. ఆయన కాదన్న అడవి, ఆయన కాదన్నాక కొట్టేసిన అడవి. చొల్లు కారి చొక్కా ముందరంతా తడిసింది. తుడుచుకుందామంటే రెండు చేతులూ చట్రానికే సరిపోయాయి. ఆవిడ తొందరపడలేదు. చివరి బొమ్మ అయ్యాక మళ్లీ మొదటిది పెట్టింది.

"ఏం కనిపించింది?" అంది మేడమ్.

సమాధానం చెబుదామని ఆయన చేతులు దించాడు. చట్రం బరువుకి తాడు లాగింది, ముడి గాడి వెనక తగులుకుంది, పళ్ల సెట్టు ఊడి బయటికొచ్చి తాడుకి వేలాడింది. గాలికి ఊగుతూ, కొండని చూసి ఇకిలిస్తూ.

"పాపం, గడ్డి మేసి అలిసిపోయినట్టున్నాడు!" అన్నారెవరో. నేను కాదు. అయినా నేనైతే ఏం?

నవ్వారు చూడండి జనం! వకీలు నవ్వాడు, పోలీసు నవ్వాడు, కుర్చీలో కూర్చున్న తాళాలాయన భార్య నవ్వింది. ఆ హాల్లో నవ్విన నవ్వే, చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ నవ్వు చెవులారా వింది, తాగాల్సినంత తాగింది. ముడి తగులుకుంటుందని ముందే తెలుసా అని నేను తర్వాత అడిగాను. "కొత్త సెట్టుకి పట్టు దొరకడానికి కొన్నాళ్లు పడుతుంది పిన్నిగారూ" అంది, మొహంలో ఏమీ లేకుండా.

ముసలాయన బోసి నోటితో ఏదో అన్నాడు. గాలి తప్ప మాట లేదు.

"అర్థం కాలేదండీ," అంది మేడమ్.

డాక్టరమ్మ సెట్టు తాడు నుంచి విడదీసి, సీసాలో నీళ్లతో కడిగి, ఆయన అరచేతిలో పెట్టింది. "పెట్టుకుని చెప్పండి. అందరికీ వినపడాలి."

పెట్టుకున్నాడు. "బొమ్మలు నిజం. అడవి ఉండేది. నేను... నేను అప్పుడు ఇక్కడికి రాలేదు. వసారాలోంచి చూశాను."

"ఎందుకు రాలేదు?"

తల వంచి కాళ్ల వంక చూసుకున్నాడు. "బూట్లు కొత్తవి. దారంతా బురద."

ఎవరూ నవ్వలేదు ఈసారి. అందరి కళ్లూ ఆయన బూట్ల మీదకి పోయి, అక్కణ్నుంచి కొండ మీదకి పోయాయి. బూట్లు పాడవకూడదని ఒక కొండ పోయింది, ఒకావిడ కాలు పోయింది, ఒకాయన పరువు పోయింది.

తవ్వకం ఆగింది. ఏ చెట్టు ఎక్కడిదాకా ఉండేదో, ఏ వాగు ఎప్పుడు ఎండిందో ఆ బొమ్మలు తప్ప చెప్పే దిక్కు ఈ ప్రాంతం మొత్తంలో ఇంకోటి లేదట. చెట్లు తిరిగి నాటేవాళ్లు వాటిని పట్టుకునే నాటుతున్నారు. చిరిగిపోయిన ఏళ్ల కోసం సంస్థవాళ్లు ఇప్పుడు నెత్తి బాదుకుంటున్నారు. బాదుకోనివ్వండి.

కొన్నాళ్లకి ముసలాయన మళ్లీ క్లినిక్కు మెట్లెక్కాడు. బూట్లు కావు, మామూలు చెప్పులు. "ఆ గాడి పూడ్చు తల్లీ," అన్నాడు. "మాట్లాడినప్పుడల్లా నాలుక తగులుతోంది. తిన్నా అదే, ఊరుకున్నా అదే."

డాక్టరమ్మ దీపం వేసి, నోరు తెరిపించి, శ్రద్ధగా చూసింది. చిగుళ్లు ఒరిసిపోలేదు, పుండు లేదు, పళ్లు చక్కగా ఉన్నాయి. దీపం ఆర్పేసింది.

"ఉండనివ్వండి," అంది.

పెద్ద మనసు చేసుకుని పూడ్చి ఉండాల్సింది అంటారేమో మీరు. నేననను. మీరు పెద్దయ్యాక మీకెలా తోస్తే అలా అనుకోండి. కానీ కథ మాత్రం మర్చిపోకండర్రా. మీ పిల్లలకి చెప్పండి, వాళ్ల పిల్లలకి చెప్పమనండి. చెప్పేటప్పుడు బండ మర్చిపోయినా, నన్ను మర్చిపోయినా ఫర్వాలేదు, తాడు మాత్రం మర్చిపోకండి. దాని చివర ముడి ఉంటుంది. ముందు అది మీ పళ్ల మధ్య పెట్టుకుని చూసి, ఆ తర్వాత చెప్పండి.